ఎలుక అంటే సరిపోదు, ఏ ఎలుకో చెప్పాలి

పీల్చే మత్తుమందుల ప్రభావాన్ని ప్రయోగశాల జంతువుల మీద పరీక్షించేటప్పుడు జంతువు జాతి, వయసు, బరువు, ఒంటి వేడి తెలిస్తే చాలునని, అది ఏ వంశానికి చెందినదన్నది దరఖాస్తులో నింపవలసిన ఒక గడి మాత్రమేనని, ఫలితాన్ని తారుమారు చేసేంత సంగతి కాదని చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. దీన్ని ఎవరూ సిద్ధాంతంగా ప్రకటించరు. "ఎలుకలకు ఒకటిన్నర శాతం ఐసోఫ్లూరేన్ ఇవ్వడమైనది" అని రాసి, ఆ ఎలుకలు ఏవో రాయకుండా ముందుకు సాగిపోయే అలవాటులో ఈ నమ్మకం దాగి ఉంటుంది. పీల్చే మత్తుమందు మీద జంతు ప్రయోగాలు చేసి 19వ శతాబ్దంలోనే ప్రపంచ వైద్యలోకం దృష్టిని తనవైపు తిప్పుకున్న నగరం హైదరాబాద్. నేడు ఆ నగరంలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉన్న పంజాగుట్టకూ, వైద్య పరిశోధన సమాచారాన్ని కంప్యూటర్లలో క్రమబద్ధం చేయడం నేర్పే శిక్షణ కేంద్రాలున్న అమీర్‌పేటకూ మధ్య దూరం మెట్రోలో ఒక్క స్టేషన్. మత్తు ఇచ్చే చేతులూ, మత్తు లెక్కలు చూసే చేతులూ ఇంత దగ్గరగా పనిచేసే చోట ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టకుండా వదిలేయడం తగదు.

ముందు దాని బలాన్ని ఒప్పుకోవాలి. పీల్చే మత్తుమందు శక్తిని కొలవడానికి 1960లలో ఎడ్మండ్ ఈగర్, ఆయన సహచరులు ప్రవేశపెట్టిన కొలమానం 'మ్యాక్'. ఊపిరితిత్తుల వాయుకోశాలలో మత్తుమందు ఎంత శాతం ఉంటే, నొప్పి కలిగించినప్పుడు సగం జంతువులు కదలకుండా ఉంటాయో ఆ శాతమే మ్యాక్. అది తక్కువగా ఉంటే మందు బలమైనదని అర్థం. ఐసోఫ్లూరేన్ మ్యాక్ మనిషికి సుమారు 1.2 శాతం, కుక్కకు సుమారు 1.3, ఎలుకకు సుమారు 1.4. పరిణామక్రమంలో కోట్ల ఏళ్ల కిందటే విడిపోయిన జీవుల మధ్యనే తేడా ఇంత తక్కువైతే, ఒకే జాతిలోని వంశాల మధ్య అంతకన్నా తక్కువే ఉంటుందన్న ఊహ సహజం. దానికి మరో నాలుగు వాదాలు తోడవుతాయి: మత్తు అనేది జన్యువులతో పనిలేని భౌతిక ధర్మమని, తేడా ఉన్నా ఆవిరి శాతాన్ని నియంత్రించే వేపరైజర్ మీట కొంచెం తిప్పితే సరిపోతుందని, కలగలుపు జంతువులను ఎక్కువ సంఖ్యలో వాడితే తేడాలు సగటులో కలిసిపోతాయని, ఎలుక వంశాల గొడవకు మనుషుల వైద్యంతో సంబంధం లేదని. ఈ వాదాలలో ప్రతిదానికీ కొంత ఆధారం ఉంది. నిలబడే వాదం మాత్రం ఒక్కటీ లేదు.

1. అందరి మీదా పనిచేస్తుందంటే అందరి మీదా ఒకేలా పనిచేస్తుందని కాదు

ఈథర్, క్లోరోఫాం, హాలోథేన్ వంటి ఆవిర్లు ఈగ మొదలు మనిషి వరకు ఎన్నో జీవులను నిశ్చలం చేస్తాయి. ముట్టుకుంటే ఆకులు ముడుచుకునే అత్తిపత్తి మొక్కను సైతం క్లాడ్ బెర్నార్డ్ ఈథర్ ఆవిరితో చలనం లేకుండా చేసి చూపాడు. 1899-1901 నడుమ మేయర్, ఓవర్టన్ విడివిడిగా గమనించినది మరొకటి ఉంది: ఒక పదార్థం నూనెలో ఎంత బాగా కరిగితే మత్తుమందుగా దాని బలం అంత ఎక్కువ. ఈ రెండు సంగతులనూ కలిపి, మత్తు అనేది కణపు పొరలోని కొవ్వులో ఆవిరి కరగడం వల్ల కలిగే భౌతిక మార్పు మాత్రమేనని చాలాకాలం నమ్మారు. కొవ్వుకు వంశం ఉండదు కాబట్టి మత్తుకూ వంశంతో పనిలేదన్నది అక్కడి నుంచి పుట్టిన తీర్మానం.

ఈ తర్కంలోని పగులు స్పష్టమైనదే: ఒక ప్రభావం అన్ని జీవులలో కనిపించడం వేరు, దాని పరిమాణం అన్నిటిలో సమానంగా ఉండడం వేరు. 1984లో ఫ్రాంక్స్, లీబ్ కొవ్వు అణువే లేని శుద్ధమైన ప్రోటీన్ పని మీద మత్తుమందులు నేరుగా ప్రభావం చూపుతాయని, ఆ ప్రభావపు బలం జంతువులలో మత్తు బలానికి తగినట్టే ఉంటుందని చూపాక భౌతిక వాదానికి మొదటి ఆసరా పోయింది; ఎందుకంటే ప్రోటీన్ తయారయ్యేది జన్యువు ఆదేశం మీద, జన్యువు మారితే ప్రోటీన్ మారుతుంది. రెండో ఆసరాను తీసేసినవారిలో టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన కె.ఎస్. కృష్ణన్ ఒకరు. ఆయన హోవార్డ్ నాష్‌తో కలిసి 1990లో, పండ్ల ఈగలలో జన్యువులను మార్చి హాలోథేన్‌కు మామూలుకన్నా భిన్నంగా స్పందించే రకాలను వేరుచేశాడు. నేలలో బతికే సూక్ష్మమైన నులిపురుగులలో కూడా మోర్గన్, సెడెన్‌స్కీ ఇటువంటి రకాలను గుర్తించారు. 2004లో, నాడీకణాల నుంచి పొటాషియం బయటకు పోనిచ్చే 'ట్రెక్-1' అనే ద్వారపు జన్యువును తొలగించిన చిట్టెలుకలకు క్లోరోఫాం, హాలోథేన్, సెవోఫ్లూరేన్ మామూలు చిట్టెలుకలకన్నా ఎక్కువ అవసరమవుతున్నాయని తేలింది. ఒక్క జన్యువు పోతే మత్తు అవసరం మారుతున్నప్పుడు, వేలాది చోట్ల జన్యువులు వేరుగా ఉండే రెండు వంశాలకు ఒకే మోతాదు చాలుతుందనడానికి ఆధారం ఎక్కడుంది?

2. తేడా చిన్నదన్న లెక్కలో మరచిపోయిన లెక్క

అన్నాచెల్లెళ్లను వరుసగా కనీసం 20 తరాలు జతకట్టించి, సభ్యులంతా జన్యుపరంగా దాదాపు కవలలలా ఉండేటట్టు స్థిరపరచిన వంశాన్ని అంతఃప్రజనన స్ట్రెయిన్ అంటారు. 1909లో క్లారెన్స్ లిటిల్ మొదలుపెట్టిన డీబీఏ, 1921లో ఆయనే మొదలుపెట్టిన సీ57 బ్లాక్ అటువంటివి. రంగు, బరువు, స్వభావం, రోగాలకు లొంగే గుణం ఒక్కో స్ట్రెయిన్‌కు ఒక్కో తీరు. వరి పండించే తెలుగు రైతు ఎవరూ దుకాణానికి వెళ్లి ఉత్తి 'వరి విత్తనం' అడగడు, ఏ వంగడమో చెప్పి అడుగుతాడు. బాపట్లలో రూపొందిన సాంబ మసూరికీ మరో వంగడానికీ పంటకాలం వేరు, నీటి అవసరం వేరు, తెగులును తట్టుకునే శక్తి వేరని అతడికి తెలుసు. ప్రయోగశాలలో ఈ మాత్రపు పట్టింపు లేకపోవడం విచారకరం.

మ్యాక్‌ను కొలిచే తీరును దగ్గరగా చూస్తే లెక్క తేటపడుతుంది. చిట్టెలుకను పారదర్శకమైన గొట్టంలో ఉంచుతారు, ఒంటి వేడి పడిపోకుండా సన్నని ఉష్ణమాపక తీగతో కనిపెడుతూ వెచ్చగా ఉంచుతారు, నిర్ణీత శాతం ఆవిరిని పంపి, అది ఊపిరితిత్తులలోనూ మెదడులోనూ సమానమయ్యే దాకా ఆగుతారు. తరవాత తోకకు పట్టుకారు బిగిస్తారు. తల తిప్పినా, కాళ్లు ఆడించినా కదిలినట్టు. శాతాన్ని ఒక మెట్టు పెంచి మళ్లీ ఆగుతారు, మళ్లీ బిగిస్తారు. కదలిన చివరి మెట్టుకూ కదలని మొదటి మెట్టుకూ నడిమి విలువే ఆ జంతువు మ్యాక్. ఇలా ఓపికగా కొలిచి జేమ్స్ సోనర్, ఈగర్ బృందం 2000లో 15 అంతఃప్రజనన చిట్టెలుక స్ట్రెయిన్ల విలువలను ప్రచురించింది. డెస్‌ఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్, హాలోథేన్ మూడింటిలోనూ అతి ఎక్కువ మ్యాక్ గల స్ట్రెయిన్‌కూ అతి తక్కువ మ్యాక్ గల స్ట్రెయిన్‌కూ మధ్య తేడా, మందును బట్టి, సుమారు 40 శాతం నుంచి సగానికి పైదాకా ఉంది.

తేడా చిన్నదన్న వాదం ఇక్కడే తలకిందులవుతుంది. ఐసోఫ్లూరేన్ విషయంలో మనిషికీ ఎలుకకూ మధ్య ఉన్న తేడా ఆరో వంతు. చిట్టెలుకల స్ట్రెయిన్ల మధ్య ఉన్న తేడా దానికి రెట్టింపుకు మించినది. జాతుల మధ్యే తేడా లేదు కాబట్టి వంశాల మధ్య ఉండదన్న ఊహకు ఆధారమైన పట్టికలో, జాతికొక విలువ రాసినప్పుడు ఆ విలువ ఆ జాతిదంతా కాదు. కొలిచినవారి దగ్గర ఆ రోజు ఏ స్ట్రెయిన్ ఉందో దానిది. ఒక స్ట్రెయిన్ విలువకు జాతి పేరు తగిలించి, ఆ పేరునే ఆధారంగా చూపి స్ట్రెయిన్లకు ప్రాముఖ్యం లేదనడం తిరుగుడు తర్కం.

అదే బృందం 1999లో వెలువరించిన వ్యాసం పేరులోనే స్ట్రెయిన్ ప్రభావం మోస్తరుదని ఉందని వాదించేవారు ఉన్నారు. నిజమే, ఆ పేరు అలాగే ఉంది. అయితే మోస్తరు అన్నది దేనితో పోల్చి? మత్తుమందు మోతాదుకూ ఫలితానికీ మధ్య ఉండే వక్రరేఖ నిటారుగా లేస్తుంది. ఒక మ్యాక్ దగ్గర సగం జంతువులు కదలకుండా ఉంటే, దానికి దాదాపు 1.3 రెట్ల దగ్గర నూటికి 95 కదలవు. ఈ నిటారుతనాన్ని మనసులో ఉంచుకుని ఒక లెక్క వేయవచ్చు. ఒక స్ట్రెయిన్ మ్యాక్ 1.2, మరొకదానిది 1.7 అనుకుందాం, రెండింటికీ 1.45 శాతం ఇస్తే మొదటిదానికి అందేది 1.2 మ్యాక్, రెండోదానికి అందేది 0.85 మ్యాక్. మొదటి గుంపు దాదాపు అంతా కత్తిగాటుకు కదలదు, రెండో గుంపులో అధికభాగం కదులుతుంది. వేపరైజర్ మీద అంకె ఒక్కటే, నివేదికలో రాసే అంకె ఒక్కటే, గడియారం ఒక్కటే; బల్ల మీద జరుగుతున్నవి మాత్రం రెండు వేర్వేరు ప్రయోగాలు. వాటిలో ఒకటి నొప్పి తెలిసే జంతువు మీద జరుగుతూ ఉండవచ్చు. దీన్ని మోస్తరు తేడా అని పిలిచి వదిలేయడానికి శాస్త్రం ఒప్పుకోదు, దయ అంతకన్నా ఒప్పుకోదు.

3. మీట తిప్పితే సరిపోదు

కదలిన జంతువుకు కొంచెం ఎక్కువ, ఊపిరి మందగించిన జంతువుకు కొంచెం తక్కువ ఇస్తే వంశభేదం సర్దుకుంటుందన్నది మూడో వాదం. మత్తు అనేది ఒకే చోట జరిగే ఒకే పని అయి ఉంటే ఇది నిలిచేదే. 1993లో రాంపిల్, ఆయన సహచరులు ఎలుకల ముందుమెదడు భాగాలను తొలగించి మ్యాక్‌ను కొలిస్తే అది మారలేదు. అంటే నొప్పికి కదలకుండా చేసే పని ప్రధానంగా జరిగేది మెదడులో కాదు, వెన్నుపాములో. స్పృహ పోవడం, జ్ఞాపకం నిలవకపోవడం మెదడులో జరుగుతాయి, పైగా మ్యాక్‌కన్నా తక్కువ మోతాదులోనే జరుగుతాయి. కాబట్టి రెండు స్ట్రెయిన్లను కదలిక విషయంలో సమం చేయడానికి మీట తిప్పినవారు వాటి వెన్నుపాములను సమం చేశారే గాని మెదడులను, గుండెలను, ఊపిరిని సమం చేసినట్టు కాదు. జ్ఞాపకశక్తి మీదో రక్తపోటు మీదో మత్తుమందు ప్రభావాన్ని పరిశీలించే ప్రయోగంలో ఇటువంటి సర్దుబాటు ఒక దోషాన్ని తీసి మరో దోషాన్ని తెస్తుంది.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం క్లోరోఫాంది. 1953లో షూబిక్, రిచీ ప్రచురించిన పరిశీలన ప్రకారం, ప్రయోగశాల గాలిలో కలిసిన క్లోరోఫాం ఆవిరికి డీబీఏ మగ చిట్టెలుకలు చచ్చిపోయాయి. అవి మత్తు ఎక్కువై చచ్చిపోలేదు. మూత్రపిండాలలోని సన్నని నాళికల కణాలు నశించి చచ్చిపోయాయి. ఆడవాటికి ఆ ముప్పు లేదు. మగ హార్మోను ఇస్తే వాటికీ ఆ ముప్పు వస్తుంది. క్లోరోఫాం మూత్రపిండంలో విషపదార్థంగా మారే రసాయనక్రియకు మగ హార్మోను ఊతమిస్తుంది, ఎంత ఊతమిస్తుందన్నది వంశాన్ని బట్టి ఉంటుంది. 1975లో హిల్, ఆయన సహచరులు ఈ విషప్రభావాన్ని తట్టుకోవడంలో సీ57 బ్లాక్ మగవి డీబీఏ మగవాటికన్నా ఎన్నో రెట్లు గట్టివని, రెండింటి సంకరంలో పుట్టినవి మధ్యస్థంగా ఉంటాయని చూపారు. తట్టుకునే గుణం తల్లిదండ్రుల నుంచి సంతానానికి ఈ విధంగా పంపకమైతే దాని మూలం జన్యువులలోనే ఉన్నట్టు. ఇక్కడ ఏ మీట తిప్పాలి? నిద్రపుచ్చే మోతాదును సరిగ్గా కొలిచి ఇచ్చినా, ఆ తరవాత చచ్చిపోయే వంశం చచ్చిపోతుంది.

పందుల సంగతి మరింత భయంకరమైనది. పీట్రెయిన్, లాండ్రేస్ వంటి రకాలలో కొన్ని పంది పిల్లల మూతికి హాలోథేన్ మాస్కు పెడితే, మొదట మామూలుగానే నిద్రలోకి జారతాయి. నిమిషాలలో వెనక కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, చర్మం మీద మచ్చలు తేలతాయి, వెంటనే మాస్కు తీయకపోతే ఒళ్లు కాలిపోతూ చచ్చిపోతాయి. పక్కనే అదే మందు అదే శాతంలో పీల్చిన మరో పిల్ల కాళ్లు వదులుచేసి హాయిగా పడుకుంటుంది. 1991లో ఫుజీ బృందం కనుగొన్నదాని ప్రకారం, ఈ రెంటికీ తేడా కండర కణాలలో కాల్షియం విడుదలను నియంత్రించే ప్రోటీన్‌లో 615వ స్థానంలోని ఒకే ఒక్క అమైనో ఆమ్లం. ఇలా కండరాలు బిగుసుకుని ఒళ్లు కాలిపోయే స్థితిని ప్రాణాంతక అధిక జ్వరం అంటారు. పంది శస్త్రచికిత్స పరిశోధనలో విరివిగా వాడే జంతువు. దాని వంశం అడగకుండా హాలోథేన్ ఇచ్చి, మధ్యలో చచ్చిపోయిన జంతువును కొత్త మందు ఖాతాలోనో సర్జన్ ఖాతాలోనో రాసుకునే ప్రమాదం ఊహకు అందనిది కాదు.

4. సంఖ్య వంశానికి బదులు కాదు: హైదరాబాద్ చెప్పే సంగతి

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం నిరపాయమైనదని నిరూపించడానికి 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్‌ను నడిపాడు. లండన్ వైద్య పత్రిక 'లాన్సెట్' ఆ నిర్ణయాన్ని సందేహించినప్పుడు, పత్రిక తన ప్రతినిధిని పంపితే ఖర్చుకు వెయ్యి పౌండ్లు ఇస్తామని నిజాం ప్రభుత్వం ముందుకు వచ్చింది. 1889లో పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి దాదాపు ఐదు వందల జంతువులకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. ముందుగా ఆగేది ఊపిరే, క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదు, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు అన్నది తేల్చిన మాట. ఊపిరిని కనిపెట్టాలన్న సలహా మంచిదే, అది ప్రాణాలు కాపాడి ఉంటుంది కూడా. ఆ తీర్పు మాత్రం నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లులలో, క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె జఠరికలు లయ తప్పి కొట్టుకుని హఠాత్తుగా ఆగిపోతాయని నిస్సందేహంగా చూపాడు.

కమిషన్ పొరబడడానికి కారణం జంతువుల జన్యువులేనని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. పొరబాటు ప్రధానంగా మత్తు పలచగా ఉన్న స్థితిని తగినంత పరీక్షించకపోవడంలో ఉంది, వారసత్వం మీద మెండెల్ చేసిన పరిశోధన కూడా అప్పటికి లోకానికి పట్టలేదు. అయితే అక్కడి నుంచి నేర్చుకోదగినది ఒకటి ఉంది. జంతువుల సంఖ్య పెరిగినకొద్దీ తీర్పు గట్టిపడుతుందన్న ధీమా ఆ కమిషన్‌ను నడిపింది. హైదరాబాద్ వీధికుక్కలు జన్యుపరంగా ఎంతో వైవిధ్యం గలవి. వాటిలో ఏవైనా మిగతావాటికి భిన్నంగా స్పందించి ఉంటే, వాటి వంశం గురించిన ఆనవాలు ఏదీ లేదు కాబట్టి, ఆ స్పందన అరుదైన విచిత్రంగా సగటులో కలిసిపోతుంది. క్లోరోఫాం మరణం అన్నదే వేలలో ఒకరికి జరిగే సంగతి. సగటు దాన్ని పట్టుకోలేదు.

కలగలుపు జంతువులు తేడాలను సమం చేస్తాయన్న నేటి వాదం ఈ ధీమాకు కొనసాగింపే. మన ప్రయోగశాలలలో విస్తారంగా వాడే 'స్విస్ అల్బినో' చిట్టెలుకలను కలగలుపు రకమని చెబుతారు. వాటి మూలం 1926లో క్లారా లించ్ స్విట్జర్లాండ్ నుంచి న్యూయార్క్‌కు తెచ్చిన తొమ్మిది చిట్టెలుకలు, రెండు మగవి, ఏడు ఆడవి. ఆ కొద్ది మూలం నుంచి లోకమంతా విస్తరించి, ఒక్కో జంతుశాలలో దశాబ్దాల తరబడి విడిగా పెరిగిన గుంపులు ఒకే పేరు మోస్తున్నంత మాత్రాన ఒకే జన్యు కూర్పు కలవి కావు. 'విస్టార్' ఎలుకలదీ అదే కథ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, అది కూనూరులో ఉన్న 1920 నుంచి కాపాడుకుంటూ వచ్చిన విస్టార్ వంశం ఉంది. 1996లో ఆ గుంపులోనే దానంతటదే పుట్టిన ఒక మార్పు నుంచి స్థూలకాయపు ఎలుకల స్ట్రెయిన్ ఏర్పడింది. మత్తు ఆవిరి కొవ్వులో కరుగుతుంది, కొవ్వు నుంచి నెమ్మదిగా బయటపడుతుంది అని తెలిసినవారెవరూ ఈ రెండింటినీ 'విస్టార్' అనే ఒక్క మాట కింద రాయరు. పరిష్కారం తెలియనిది కూడా కాదు. మొత్తం జంతువుల సంఖ్యను పెంచకుండానే, వాటిని రెండు మూడు తెలిసిన స్ట్రెయిన్లుగా విభజించి ప్రయోగం చేయవచ్చని, అప్పుడు మందు ప్రభావమూ వంశ ప్రభావమూ విడివిడిగా తేలతాయని మైకేల్ ఫెస్టింగ్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు. అదే ఖర్చుకు రెండు జవాబులు దొరుకుతున్నప్పుడు ఒక్క మసక జవాబుతో సరిపెట్టుకోవడానికి కారణం అలవాటు తప్ప మరొకటి కనిపించదు.

జన్యువు తొలగించిన చిట్టెలుకల ప్రయోగాలలో ఈ నిర్లక్ష్యం మరో రూపంలో చొరబడుతుంది. చాలాకాలం అటువంటి చిట్టెలుకలను 129 అనే స్ట్రెయిన్ మూలకణాలతో తయారుచేసి, సీ57 బ్లాక్‌తో జతకట్టించారు. అలా పుట్టినదానిలో తొలగించిన జన్యువు చుట్టూ ఉన్న క్రోమోజోమ్ ముక్క 129దిగానే మిగులుతుంది. అది మత్తుకు భిన్నంగా స్పందిస్తే, కారణం తొలగించిన జన్యువా, దాని ఇరుగుపొరుగున చేరిన 129 జన్యువులా? 1996లో గెర్లాయ్ ఈ ప్రశ్నను ప్రవర్తనా పరిశోధనలో సూటిగా వేశాడు. మత్తు పరిశోధనకు ఇది అంతే వర్తిస్తుంది. సీ57 బ్లాక్‌లో కూడా '6జే', '6ఎన్' అనే ఉపశాఖలు ఉన్నాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పనిచేసే ఒక ఎంజైము జన్యువు 6జేలో చెడిపోయి ఉంది. మైటోకాండ్రియా లోపం గల చిట్టెలుకలు పీల్చే మత్తుమందులకు అతిగా లొంగుతాయని 2012 నాటికే తెలిసినప్పుడు, ఆ ఒక్క అక్షరాన్ని రాయకుండా వదలడం చిన్న లోపం ఎలా అవుతుంది?

5. మనుషులకు సంబంధం లేదనడం

మనిషి ప్రయోగశాల ఎలుక కాదు. ఏ మానవ సమూహమూ 20 తరాల అన్నాచెల్లెళ్ల సంతానం కాదు. ఆ మేరకు ఎదుటి వాదం నిజమే. కాని అక్కడి నుంచి జన్యువులకు మనిషి మత్తుతో సంబంధం లేదన్న చోటికి దూకడం సాధ్యం కాదు. పందిలో కనిపించిన ప్రాణాంతక అధిక జ్వరం మనుషులలోనూ ఉంది. 1960లో డెన్‌బరో, లవెల్ వర్ణించిన ఆస్ట్రేలియా యువకుడి బంధువులలో పదిమంది మత్తు సమయంలోనే చనిపోయారు. ఈ జ్వరానికి నేడు వాడే డాంట్రోలీన్ 1975లో ముందుగా పందులలోనే పనిచేసి చూపింది. వంశం తెలిసిన పంది లేకపోతే ఆ మందు అంత త్వరగా మనిషికి చేరేది కాదు.

తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ ఉంది, అది పీల్చే మందుది కాకపోయినా మత్తుబల్ల మీదిదే. శ్వాసనాళంలోకి గొట్టం వేసేముందు కండరాలను కొద్ది నిమిషాలు వదులుచేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ను రక్తంలోని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము విరగ్గొడుతుంది. ఆర్యవైశ్య సముదాయంలో ఈ ఎంజైము లోపం ఇతరులకన్నా ఎంతో ఎక్కువగా కనిపిస్తుంది. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి విదేశీ సహచరులు గుర్తించారు. ఆ లోపం ఉన్నవారికి మామూలు మోతాదు ఇస్తే నిమిషాలలో తిరిగి రావలసిన ఊపిరి గంటల తరబడి రాదు, అంతసేపూ కృత్రిమ శ్వాస మీద ఉంచవలసి వస్తుంది. ఇందులోంచి కులాన్ని బట్టి మోతాదు నిర్ణయించాలన్న అర్థం తీయడం మరో తప్పు. ఆ సముదాయంలో అత్యధికులకు ఆ లోపం లేదు, ఇతర సముదాయాలలో కొందరికి ఉంది. అడగవలసినది కుటుంబంలో ఇంతకుముందు మత్తులో ఇబ్బంది పడినవారున్నారా అని, చేయవలసినది రక్తపరీక్ష.

ఎర్రజుట్టు స్త్రీలకు డెస్‌ఫ్లూరేన్ 19 శాతం ఎక్కువ అవసరమని 2004లో లీమ్ బృందం చెప్పినప్పుడు లోకమంతా ఆసక్తి చూపింది. అందులో పరీక్షించినది ఎర్రజుట్టువారు పదిమందిని, నల్లజుట్టువారు పదిమందిని; తరవాత పెద్ద సంఖ్యలో రోగులను చూసినప్పుడు అంత తేడా కనబడలేదు. ఎర్రజుట్టుకు కారణమయ్యే జన్యువు చెడిన చిట్టెలుకలలో, వంశం తెలిసిన పోలికలో, మ్యాక్ స్వల్పంగా పెరిగిన మాట నిజమని తేలింది. మనుషులలో గందరగోళంగా ఉన్న ప్రశ్నను విడమరచి చూడగలిగినది స్ట్రెయిన్ తెలిసిన జంతువులోనే. మనుషులకు సంబంధం లేదని తోసేసిన ఆ వివరమే మనుషుల ప్రశ్నకు జవాబు వెదకడానికి ఉన్న మార్గం.

6. ఇక చేయవలసినది

స్ట్రెయిన్ రాయడం కొత్త కోరిక కాదు. 2010 నుంచి అమలులో ఉన్న అరైవ్ మార్గదర్శకాలు జంతు పరిశోధన పత్రంలో జాతి, స్ట్రెయిన్, ఉపస్ట్రెయిన్ రాయమంటాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సమర్పించే జంతు పరీక్షల సమాచారానికి వాడే 'సెండ్' ప్రమాణంలో జాతికి ఒక గడి, స్ట్రెయిన్‌కు ఒక గడి, ఉపస్ట్రెయిన్ వివరాలకు మరో గడి ఉన్నాయి. క్లినికల్ సమాచార విశ్లేషణను వృత్తిగా ఎంచుకుని అమీర్‌పేట తరగతులలో కూర్చునే యువతకు ఈ గడుల పేర్లు నేర్పడంతో పని పూర్తికాదు; ఖాళీగా వచ్చిన స్ట్రెయిన్ గడిని నింపి పంపమని ప్రయోగశాలకు తిప్పి రాయడం వారి బాధ్యతేనని, ఆ గడి ఖాళీగా ఉంటే రెండు అధ్యయనాల సగటును కలపడానికి వీలులేదని నేర్పాలి.

జంతు హింస నిరోధక చట్టం, 1960 కింద ప్రతి సంస్థలో పనిచేసే జంతు నైతిక సంఘాలకు ఇంతకన్నా పెద్ద అధికారం ఉంది. జంతువుల సంఖ్యను వీలైనంత తగ్గించాలని, బాధను తగ్గించాలని 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన నియమాలను ఆ సంఘాలు పాటిస్తున్నామంటాయి. అయితే స్ట్రెయిన్ తెలియని జంతువుకు ఎంత ఆవిరి చాలునో ఎవరూ చెప్పలేరు కాబట్టి, దాని బాధ తగ్గిందని కూడా ఎవరూ చెప్పలేరు. పీల్చే మత్తుమందు ఇచ్చే ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తులో స్ట్రెయిన్, ఉపస్ట్రెయిన్, అవి వచ్చిన జంతుశాల, ఆ స్ట్రెయిన్‌కే కొలిచిన మ్యాక్ విలువ, అటువంటి విలువ లేకపోతే ప్రయోగానికి ముందు దాన్ని కొలిచే పద్ధతి ఉండాలి; ఈ వివరాలు లేనప్పుడు ఆ దరఖాస్తును చర్చకు తీసుకోకుండానే తిప్పి పంపాలి. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో జాతీయ జంతు వనరుల కేంద్రం, తార్నాకలో వందేళ్ల వంశచరిత్ర గల ఎలుకలు అందుబాటులో ఉన్న హైదరాబాద్‌లో, ఏ జంతువో తెలుసుకునే వీలు లేదన్న సాకు చెప్పే అవకాశం ఏ ప్రయోగశాలకూ లేదు.